అవధాని గారి చెయ్యి

మా సోమలింగం గారిని ఏదైనా అడగదలుచుకున్నవాళ్లు ముందు కాస్త తీరిక చూసుకుని రావాలి. ప్రశ్న చెవిన పడగానే ఆయన సన్నాయి పీక తీసి నోట్లో పెట్టుకుంటారు. రెల్లుతో చేసిన ఆ పీక బాగా నానితే గాని పలకదు. అది నోట్లో ఉన్నంతసేపూ ఆయనా పలకరు. ఈలోపు అడిగినవాళ్లలో సగం మంది విసుగెత్తి లేచిపోతారు. కొందరికి కూర్చున్నచోటే జవాబు తట్టేస్తుంది. ఓపిక పట్టి మిగిలినవాడికి ఆయన చెప్పేది ఒక్క ముక్క, అదీ అడిగినదానికి సంబంధం లేనట్టే ఉంటుంది. తుని చుట్టుపక్కల ఆయన సన్నాయి మోగకుండా పెళ్లి జరిగిన ఇళ్లు తక్కువే గాని, ఆయన దగ్గర సూటిగా సమాధానం రాబట్టిన మనిషి మాత్రం నాకింతవరకు తగల్లేదు. నా పేరు నూకరాజు. ఆయన పక్కన డోలు వాయిస్తాను. మా అక్కని ఆయనకిచ్చాం కాబట్టి నాకు బావ. అంచేత మిగతావాళ్లలా చేతులు కట్టుకు నిలబడవలసిన అవసరం నాకు లేదు, నాలుగు మాటలు అనే హక్కు కూడా ఉంది.

ఆయనకి మిగిలిన శిష్యుడు ఒక్కడే, లోవరాజు. లోవలో ఉన్న తలుపులమ్మ తల్లికి మొక్కుకుంటే పుట్టాడని ఆ చోటి పేరు పెట్టుకున్నారు. కుర్రాడి ఊపిరి మంచిది, వేళ్లు మంచివి, బుద్ధీ మంచిదే. ఉన్న రోగమల్లా ఫోను. పొద్దున్న లేచి సాధనకి కూర్చుంటే ముందు ఫోను నిలబెట్టి, దానికి జుట్టు సర్దుకుని చూపించి, ఆ తర్వాతే సన్నాయి ఎత్తేవాడు. వాడి వీడియోలు చూసేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను ఎంత సణిగినా ఒకమాట ఒప్పుకోవాలి, వాడు ఊరికే సరదాకి చేసిన పని కాదది. ఈ రోజుల్లో పెళ్లివారు మేళం కోసం మనిషిని పంపడం మానేశారు. ఫోన్లోనే వెతుకుతారు, ఫోన్లోనే వింటారు. అక్కడ కనబడనివాడు ఉన్నా లేనట్టే. కొందరైతే మేళమే వద్దంటున్నారు. స్పీకరు పెట్టె ఒకటి తెచ్చి, ఎవరో ఎప్పుడో వాయించిన సన్నాయి అందులో పెట్టేసుకుంటున్నారు. దానికి భోజనం పెట్టక్కర్లేదు, బట్టలు పెట్టక్కర్లేదు.

లోవరాజు వాళ్లమ్మకి ఈ బెంగే పట్టుకుంది. అనకాపల్లిలో ఆవిడ అన్నయ్యకి సెల్‌ఫోన్ల షాపు ఉంది. ఈ పెళ్లిళ్ల సీజను అయ్యేలోపు మేళానికి కొత్త పిలుపులు రాకపోతే, సన్నాయి సంచిలో పెట్టి షాపులో కూర్చోవలసిందేనని ఆవిడ తేల్చి చెప్పింది. మా బావకి ఊపిరి తగ్గుతోంది. కుర్రాడు వెళ్లిపోతే మేళం ఉండదు. సన్నాయి లేని డోలు నేనేం చేసుకోను, ఊరేగింపులో వేలాడేసుకుని తిరగనా? కాబట్టి వాడు ఉంటాడా పోతాడా అన్నది మా అందరి కూటి సమస్య. పైకి నేను వాణ్ని తిడుతున్నా, లోపల నాకూ భయంగానే ఉండేది.

ఆ తొందరలో వాడు ఒక పని చేశాడు. తాండవ ఏటి ఒడ్డున, ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న పట్టు లాల్చీ వేసుకుని, పొద్దుటెండలో నిలబడి సన్నాయి వాయిస్తున్నట్టు వీడియో తీయించుకున్నాడు. ఏటిగట్టున గాలి హోరు కదా, సన్నాయి సరిగ్గా వినబడదని, పాట ముందే ఇంట్లో తలుపులేసుకుని వాయించి పెట్టుకున్నాడు. ఒడ్డు మీద ఉత్తినే వేళ్లు ఆడించాడు. చూడ్డానికి ఎంత బాగుందో! జనం ఎగబడి చూశారు. అయితే బొబ్బిలి వైపు పెద్దాయన ఒకరు, ఫోటోలో ఒళ్లో సన్నాయి పెట్టుకుని కూర్చున్నాయన, కింద ఒకే ఒక్క మాట రాశారు. 'బుగ్గలేవి బాబూ?'

అంతే. మిగతావాళ్లకి అర్థం కాలేదు గాని మా కులవృత్తి వాళ్లకి ఎవరికైనా చురుక్కుమంటుంది. సన్నాయి ఊదేవాడికి బుగ్గలు పొంగుతాయి, మెడ నరాలు తేల్తాయి, కళ్లు కాస్త బయటికొస్తాయి. పెళ్లిలో సన్నాయివాడి మొహం చూసి పిల్లలు నవ్వేది అందుకే. వీడు ఏటిగట్టున పెళ్లికొడుకులా నున్నటి మొహం పెట్టుకుని ఊదాడు. ఊదకుండా ఊదాడన్నమాట. ఆ మాట పడ్డాక వాడికి రెండు రోజులు అన్నం సయించలేదు.

అప్పుడొచ్చి అడిగాడు మా బావని. నేను అరుగు మీద డోలు తాళ్లు బిగించుకుంటున్నాను.

"గురువుగారూ, నేను ఫోన్లో నాలాగే కనబడాలంటే ఏం చెయ్యాలండీ? బాగా కనబడదామంటే అబద్ధమైపోతోంది. ఉన్నదున్నట్టు పెడదామంటే ఎవరూ చూడ్డం లేదు."

మా బావ పీక తీసి నోట్లో పెట్టుకున్నారు. లోవరాజు లేచిపోలేదు. నేను డోలు రెండువైపులా బిగించి, శ్రుతి చూసుకుని, మా అక్క ఇచ్చిన టీ తాగి గ్లాసు కింద పెట్టేదాకా కూర్చునే ఉన్నాడు. అప్పుడు ఆయన పీక బయటికి తీసి, "పాయకరావుపేట పెళ్లికి నీ ఫోను తెచ్చుకో. స్టాండు కూడా తెచ్చుకో" అన్నారు.

"పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు ఇదేంటి బావా!" అన్నాను నేను. ఆయన విననట్టే లోపలికి వెళ్లిపోయారు.

ఇక్కడ మా మేళగాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. పెళ్లిలో మేము ఎన్ని కీర్తనలు వాయించినా, ఎన్ని సినిమా పాటలు వాయించినా, మా కళ్లు మాత్రం పురోహితుడి చేతి మీదే ఉండాలి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణానికీ, తాళి కట్టే క్షణానికీ ఆయన చెయ్యి పైకి లేస్తుంది. ఆ చెయ్యి లేచిందంటే గట్టిమేళం. డోలూ సన్నాయీ ఒక్కసారి ఉరిమినట్టు మోగాలి. ఆ క్షణంలో తుమ్మూ ఏడుపూ అపశకునపు మాటా ఏదీ ఆ వధూవరుల చెవిన పడకూడదని పెద్దవాళ్లు పెట్టిన కట్టుబాటు అది. నువ్వెంత గొప్ప రాగంలో ఉన్నా సరే, ఎంత కమ్మగా వస్తున్నా సరే, అక్కడికక్కడ తుంచెయ్యాలి. తుంచిన రాగం మళ్లీ అతుక్కోదు. మా మేళగాళ్లు వాయించిన మంచి మంచి పాటలన్నీ సగంలో తెగినవే.

పాయకరావుపేట పెళ్లి పెద్ద పెళ్లి. పెళ్లికూతురి తండ్రి సన్యాసిరావు గారు, వడ్లమిల్లు ఆసామి. మండపాన్ని పూలతో ముంచేశారు. ఈమధ్య మా బావ ప్రధాన సన్నాయి లోవరాజుకే ఇచ్చి, తాను పక్కన కూర్చుని అందుకుంటున్నారు. కాబట్టి మైకు లోవరాజు ముందు పెట్టారు. వాడు స్టాండు దించాడు, దాని చుట్టూ గుండ్రంగా వెలిగే లైటు దించాడు, ఫోను బిగించి అందులో తన మొహం చూసుకున్నాడు. వెనక ఉత్త గోడ కనబడుతోంది. వాడికి నచ్చలేదు. చాప తిప్పాడు. ఇంకొంచెం తిప్పాడు. చివరికి పూలమండపం మొత్తం తన వెనకాల వచ్చేలా కుదుర్చుకుని, మండపానికి వీపు పెట్టి కూర్చున్నాడు!

నాకు ఒళ్లు మండిపోయింది. ముప్ఫయ్యేళ్లుగా డోలు మోస్తున్నాను, పురోహితుడికి వీపు పెట్టి కూర్చున్న సన్నాయివాణ్ని ఆ రోజే చూడ్డం. "ఒరేయ్ లోవా" అని నోరు తెరవబోయాను. మా బావ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కారు. ఊరుకోమని. నేనున్నానులే అన్నట్టు తన సన్నాయి చూపించి, తాను మాత్రం ఎప్పట్లాగే మండపానికి ఎదురుగా కూర్చున్నారు.

లోవరాజు ఆ పూట బాగానే వాయించాడు, అబద్ధమెందుకు. ఒక కీర్తన అయింది. తర్వాత జనం అడిగితే సినిమా పాట ఎత్తుకున్నాడు. కళ్లు ఫోన్లో కనబడుతున్న తన మొహం మీదున్నాయి. తల ఎటు వాలితే బాగుందో అటు వాలుస్తున్నాడు. అక్కడ మండపంలో వధూవరుల మధ్య తెర పట్టారు. పురోహితులు అవధాని గారు మంత్రం చివరికి వచ్చారు. చెయ్యి లేచింది.

మా బావ వెంటనే గట్టిమేళం ఎత్తుకున్నారు. నేను డోలు మీద విరుచుకుపడ్డాను. అయితే మైకు లోవరాజు ముందుంది కదా! హాలంతా వినబడింది వాడి సినిమా పాటే. మా బావకున్న కాస్త ఊపిరి ఆ స్పీకర్ల మోతలో ఎక్కడా ఆనలేదు. ఒక బండికి రెండెడ్లు కట్టి చెరోవైపు తోలినట్టయింది. ఇదేం గోలరా అని జనం ఇటు తిరిగిన ఆ సందులో, పెళ్లికొడుకు మేనమామ గట్టిగా తుమ్మాడు. సరిగ్గా అవధాని గారి మైకులో.

"శివశివా!" అంది పెళ్లికూతురి నాయనమ్మ. ఆ పిల్ల చేతిలో జీలకర్ర బెల్లం పట్టుకుని, పెట్టాలో వద్దో తెలియక తల్లి మొహం చూసింది. లోవరాజుకి అప్పుడు తెలిసింది. గబుక్కున వెనక్కి తిరిగి గట్టిమేళంలో కలిశాడు గాని, ఏం లాభం? తుమ్ము అందరి చెవినా పడనే పడింది. తాళి కట్టేటప్పుడు మండపం వైపు తిరిగి బుద్ధిగానే ఊదాడు.

భోజనాల దగ్గర సన్యాసిరావు గారు మా దగ్గరికి వచ్చారు. కేకలు వేస్తే బాగుండేది. నెమ్మదిగా, "సోమలింగం గారూ, మా అబ్బాయి స్పీకరు పెట్టె చాలన్నాడండీ. కాదు, మనుషులే ఉండాలని నేనే పట్టుబట్టాను. వాడి మాట విన్నా బాగుండేది" అన్నారు. మా బావ చేతులు జోడించి, "తప్పు మా మేళానిది బాబూ" అన్నారు. కుర్రాడిదని అనలేదు. ఆయనంత వయసు మనిషి అలా తల వంచుకు నిలబడితే నాకు ముద్ద దిగలేదు.

తిరిగి వస్తుంటే ఆటోలో నేను ఊరుకోలేదు. లోవరాజుని తిట్టాల్సినవన్నీ తిట్టాను. ఆ తర్వాత మా బావ మీద పడ్డాను. "కళ్లారా చూస్తూ ఎందుకు ఊరుకున్నావు? నన్నెందుకు నొక్కేశావు?" అన్నాను.

"నేను కప్పేస్తాననుకున్నానురా" అన్నారాయన. "వాడి ఊపిరి నన్ను మించిపోయిందని నాకు తెలియలేదు."

ఆ మాటలో కోపం లేదు. నిజం చెప్పొద్దూ, కాస్త గర్వం కూడా ఉందేమోనని నాకు అనుమానం. లోవరాజు మాత్రం ఆటో కమ్మీ పట్టుకుని బయటికి చూస్తూ ఏడ్చాడు.

మర్నాడు పొద్దున్న మళ్లీ వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. గుంజ పట్టుకుని నిలబడి, "గురువుగారూ, ఒక్కటి అడుగుతాను, కోప్పడకండి. ఆ తుమ్ముకి ముందు దాకా వీడియో చాలా బాగా వచ్చిందండి. అక్కడికి కత్తిరించి పెడితే అబద్ధమవుతుందాండీ? వాయించింది నేనే కదా. బుగ్గలు కూడా ఉన్నాయి" అన్నాడు.

"ఓరి నీ దుంప తెగ!" అన్నాను నేను. "ఆడలేక మద్దెల ఓడన్న సామెత విన్నాను గాని, పెళ్లి చెడగొట్టి దాన్ని లైకులకి పెట్టేవాణ్ని నిన్నే చూడ్డంరా."

మా బావ పీక నోట్లో పెట్టుకోలేదు. అదే నాకు ఆశ్చర్యం. చెయ్యి చాచి, "ఏదీ, చూపించు" అన్నారు.

ముగ్గురం ఫోను మీదికి వంగాం. వీడియో నిజంగానే బాగుంది. ముందు లోవరాజు, వెనకాల పూలమండపం, లైటు వెలుగు మొహం మీద తళతళలాడుతోంది. వాడు కళ్లు అరమోడ్చి పాట వాయిస్తున్నాడు. వాడి ఎడమ భుజం మీదుగా మండపంలో జరిగేదంతా స్పష్టంగా కనబడుతోంది. తెర పట్టారు. పెళ్లికూతురు చెయ్యి చాపింది. అవధాని గారి చెయ్యి పైకి లేచింది. ముందు వేళ్లు కదిపారు. తర్వాత చెయ్యంతా ఎత్తి ఊపారు. పాపం, ఆయన ఈ వీపుని చూస్తూ 'ఇటు చూడు నాయనా' అన్నట్టు ఇంకో చెయ్యి కూడా ఎత్తారు. ముందు కూర్చున్న ఈ మహానుభావుడు తన మొహం చూసుకుంటూ ఇంకో గమకం వేస్తున్నాడు.

మా బావ అక్కడ ఆపమన్నారు. "ఆ చెయ్యి ఎవరికోసం లేచిందిరా?" అని అడిగారు.

లోవరాజు ఆ బొమ్మనే చూశాడు. "నాకోసమేనండి" అన్నాడు. "ఫోనుకి కూడా కనబడిందండి. నాకే కనబళ్లేదు." ఫోను లాక్కుని, "ఇప్పుడే అన్నీ తీసేస్తానండి. ఇక ఈ వెధవ ఫోను ముట్టుకుంటే ఒట్టు. అమ్మ చెప్పినట్టు అనకాపల్లి పోతాను" అన్నాడు.

"అక్కడ అమ్మేవి ఫోన్లే కదరా" అన్నారు మా బావ. "అయినా అదేం చేసింది? దానికి ఎదురుగా ఉన్నది అది చూసింది. తొండంగి పెళ్లికి కూడా తెచ్చుకో." అని అప్పుడు పీక నోట్లో పెట్టుకున్నారు. ఇక ఆ రోజుకి మాటలైపోయాయని మాకు అర్థమైంది.

నాకు మళ్లీ ఒళ్లు మండింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషితో ఎవడు వాదిస్తాడు? తొండంగి పెళ్లివారు పాయకరావుపేట సంగతి వినకముందే మాకు తాంబూలం ఇచ్చేశారు. లేకపోతే మమ్మల్ని గుమ్మం ఎక్కనిచ్చేవారో లేదో. ఈలోపు కొత్త పిలుపు ఒక్కటీ రాలేదు. ఆ పెళ్లి కాగానే ప్రయాణమని లోవరాజు వాళ్లమ్మ బట్టలు కూడా సర్దేసింది. అంటే కుర్రాడికి సన్నాయి పట్టుకోవడం అదే ఆఖరు.

తొండంగిది చిన్న పెళ్లి. వీధిలో తాటాకు పందిరి, నాలుగు అరటిచెట్లు, మామిడి తోరణాలు. పురోహితులు మళ్లీ అవధాని గారే. మమ్మల్ని చూడగానే, "ఏం నాయనా లోవరాజూ, ఇవాళైనా నావంక చూస్తావా, లేకపోతే నన్నే వచ్చి నీ ఫోన్లో కూర్చోమంటావా?" అన్నారు. పందిట్లో వాళ్లంతా నవ్వారు. లోవరాజు చెవులు ఎర్రబడ్డాయి. వంగి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాడు.

చాప మండపానికి ఎదురుగా వేసుకున్నాడు. లైటు సంచిలోంచి తియ్యనే లేదు. ఫోను చేతిలో పట్టుకుని దిక్కులు చూస్తూ, "దీన్ని ఎక్కడ పెట్టనండీ గురువుగారూ?" అన్నాడు.

"నీ చూపుకి అడ్డం రాకుండా ఎక్కడైనా పెట్టుకో."

వాడు వెళ్లి మండపం ముందు గుంజకి, అరటిబోదె పక్కన, పసుపు తాడుతో ఫోనుని కట్టేసి, మా వైపు తిప్పి వచ్చాడు. అందులో మేము ముగ్గురం తప్ప ఇంకేమీ కనబడదు. మండపం దాని వెనకాల ఉండిపోయింది. పూలూ లేవు, పెళ్లికూతురూ లేదు, అవధాని గారూ లేరు. మా వెనక ఉన్నదల్లా ఎవరివో తువ్వాళ్లు ఆరేసిన ప్రహరీ గోడ.

ఆ పొద్దున్న వాడు బిలహరి రాగం ఎత్తుకున్నాడు. మొదట భయం భయంగానే ఊదాడు. మనసులో అనకాపల్లి ఉందేమో, ఇదే ఆఖరన్న దిగులుందేమో నాకు తెలియదు. కాసేపటికి ఆ దిగులే ఊపిరిలోకి దిగినట్టయింది. మెల్లగా పైకి ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు, దిగినట్టే దిగి మళ్లీ ఎక్కుతున్నాడు. మా బావ తన సన్నాయి ఒళ్లో పెట్టేసుకుని వింటున్నారు. వంటవాళ్లు గరిటెలు పట్టుకునే వచ్చి పందిరి అంచున నిలబడ్డారు. నేను వాణ్ని తిట్టడానికి ఏమీ దొరక్క ఊరికే కూర్చున్నాను. వాడి వేళ్లు ఎక్కడున్నా, ఊపిరి ఎక్కడున్నా, కళ్లు మాత్రం విప్పారి అవధాని గారి మీదే ఉన్నాయి. చివరికి పై షడ్జమం మీదికి వచ్చి నిలిచాడు. ఎంత నిండుగా నిలిచాడంటే, ఇక ఆ పైన ఒక్క పట్టు పడితే చాలు, జన్మ తరించిపోతుందనిపించింది. అదిగో, సరిగ్గా అప్పుడు అవధాని గారి చెయ్యి లేచింది.

నిజం చెప్తున్నాను, ఇంకొక్క ఊపిరి ఆగవయ్యా మహానుభావా అనుకున్నాను నేను. డోలు మీద నా చెయ్యి అరక్షణం వెనకాడింది. వాడు వెనకాడలేదు. కత్తితో కోసినట్టు ఆ రాగాన్ని అక్కడే తెంచేసి గట్టిమేళం ఎత్తుకున్నాడు. పందిరి అదిరిపోయింది. నేనూ విరుచుకుపడ్డాను, మా బావా అందుకున్నారు. ఆ మోతలో ఎవరు తుమ్మారో, ఎవరు ఏడ్చారో దేవుడికి తెలియాలి. పెళ్లికూతురు నవ్వుతూ జీలకర్ర బెల్లం పెట్టింది. నాకు ఎందుకో కళ్లు నిండిపోయాయి. డోలు వాయిస్తున్నాను కాబట్టి తుడుచుకోవడానికి వీల్లేకపోయింది.

ఫోను సంగతి వాడికి విస్తరి ముందు కూర్చున్నాక గాని గుర్తు రాలేదు. ఎంగిలి చేత్తోనే పరుగెత్తి, కట్టు విప్పి తెచ్చుకున్నాడు. చూసుకుని మొహం మాడ్చాడు. బుగ్గలు బూరెల్లా పొంగి ఉన్నాయి. మెడ నరాలు తేలి, జుట్టు నుదుటికి అంటుకుపోయి, చెమట ముక్కు మీదుగా కారుతోంది. కళ్లు చూస్తే ఇంతింత ఉన్నాయి. "బాబాయ్, ఎలా ఉన్నానో చూడు. పైగా పాట సగంలో తెగింది. ఇది ఎవరు చూస్తారు?" అన్నాడు.

"నీ మొహం అంతేరా. పెడితే పెట్టు, మానితే మాను" అన్నాను నేను. నాకేం తెలుసు వీడియోల సంగతి!

ఆ సాయంత్రం వాడు ఏదీ కత్తిరించకుండా అలాగే పెట్టాడు. కింద ఒక్క ముక్క రాశాడు. 'అవధాని గారి చెయ్యి లేచింది, అందుకని ఆపేశాను.'

ఏటిగట్టు వీడియోకి ఎగబడినంత జనం దీనికి రాలేదు. వచ్చినవాళ్లలో కొందరు, మంచి చోట ఆపేశావేంటి, పూర్తిగా వాయించి పెట్టమని అడిగారు. ఇంకొకడు బుగ్గల మీద జోకు వేశాడు. లోవరాజు ఎవరితోనూ వాదించలేదు. ప్రయాణం రోజు పొద్దున్న వాడు సంచి భుజాన వేసుకుని, మా బావకి చెప్పి వెళ్దామని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అప్పుడు మోగింది ఫోను. బొబ్బిలి వైపు పెద్దాయన. 'బుగ్గలేవి బాబూ' అని రాసినాయనే! నెంబరు ఎలా పట్టుకున్నారో మరి. గొంతు బొంగురుగా ఉంది, మాటకీ మాటకీ మధ్య ఆయాసం.

"మా మనవరాలి పెళ్లి నాయనా. నేను ఇన్ని పెళ్లిళ్లకి ఊదాను, దాని పెళ్లికి ఊదలేకపోతున్నాను. డాక్టరు సన్నాయి ముట్టుకోవద్దన్నాడు. మావాళ్లు పెట్టె పెడదామంటున్నారు. పెట్టె మా పురోహితుడి చెయ్యి ఎక్కడ చూస్తుంది? మీ మేళం వస్తుందా?"

లోవరాజు ఫోను మా బావ చేతికి ఇచ్చేశాడు. ఆయన, "వస్తాం అన్నగారూ" అన్నారు, అంతే. నేను మాత్రం ఆగలేక వాడి సంచి లాక్కుని లోపల గూట్లో పడేశాను. వాళ్లమ్మకి కబురు చేస్తే, ఆవిడ కాసేపు నమ్మలేదు. నమ్మాక, "సర్లే, ఫోన్లు అమ్మేవాళ్లు ఊరికి వందమంది ఉన్నారు. ఉండనివ్వండి" అని, వచ్చి ఆ సంచిలో తాను సర్దిన బట్టలు మళ్లీ బయటికి తీసింది. ఆ తర్వాత ఇంకో రెండు చోట్ల నుంచి కూడా అడిగారు. వాళ్లూ ఆ తెగిన బిలహరి చూసినవాళ్లే.

ఇన్ని జరిగినా మా బావ ఆ వీడియో చూడలేదు. లోవరాజుకి అది మనసులో ఉండిపోయింది. ఒకరోజు సాధన అయ్యాక ఫోను తెచ్చి ఆయన ముందు పెట్టాడు. "గురువుగారూ, ఇందులో ఏం బాగుందో నాకు తెలియడం లేదండి. మీరు చూసి చెప్తే, ఇకమీదట అలాగే తీసుకుంటాను" అన్నాడు.

ఆయన పీక నోట్లో పెట్టుకుని చూడ్డం మొదలుపెట్టారు. మేమిద్దరం ఆయన్నే చూస్తున్నాం. బిలహరి మెల్లగా పైకి ఎక్కింది. ఆయన తల ఊపలేదు, భళా అనలేదు. లోవరాజు పొంగిన మొహంలో ఆ విప్పారిన కళ్లనే చూస్తున్నారు. రాగం పై షడ్జమం మీదికి వచ్చి నిలిచింది. అది ఇంకా తెగకముందే ఆయన చటుక్కున పీక తీసి, "అదిగో, అవధాని గారు చెయ్యెత్తారు!" అన్నారు. ఆ వెంటనే ఫోన్లో గట్టిమేళం మోగింది.

లోవరాజు తికమకపడి, ఫోను దగ్గరికి తీసుకుని ఆ మూలా ఈ మూలా వెతికాడు. "అవధాని గారు ఇందులో ఎక్కడున్నారండీ? మనం ముగ్గురమే కదా ఉన్నది."

"లేరా?" అన్నారు మా బావ. "మరి నాకెలా కనబడ్డార్రా?"

అని, పీక మళ్లీ నోట్లో పెట్టుకున్నారు.